వార్తలోకి ఎక్కని ఎద్దు

పోయిన నెల టీవీలో మా పలనాటి హత్య ఒకటి చూపించారు. నిజంగా జరిగిందాన్నే నటుల చేత మళ్ళీ ఆడించారు. మధ్యమధ్యలో ఎవరో పెద్దమనిషి కుర్చీలో కూర్చుని ఆ రోజుల సంగతులు చెబుతాడు, మళ్ళీ నటులు వస్తారు. మా మనవరాలు నన్ను పిలిచి కూర్చోబెట్టింది. మొదట తెర మీద "ఆనాటి పత్రికా వార్తల ఆధారంగా" అని పడింది. ఆ పత్రికా వార్త రాసినవాణ్ణి నేనే.

వాగు వచ్చింది. ఎడ్లబండి వచ్చింది. బండిలో తెల్లటి ఖద్దరు కట్టుకున్న నాయకుడు, ముందు బండి తోలే మనిషి. ఆ మనిషికి పెద్ద మీసాలు అతికించారు. అతను వాగు దిగే చోట బండి ఆపి, తుమ్మకంప వైపు ఓరగా చూసి, నోట్లో రెండు వేళ్ళు పెట్టి ఈల వేశాడు. కంపలోంచి కత్తులు పట్టుకుని మనుషులు లేచారు. నేను కూడా లేచి వరండాలోకి వెళ్ళాను.

"ఏం తాతయ్యా, బాగా తియ్యలేదా?" అంది మనవరాలు.

"బాగానే తీశారమ్మా. ఎడ్లు కూడా మంచివి దొరికాయి," అన్నాను.

నా ఉద్యోగపు రోజుల గురించి మీ పత్రికకు ఏదైనా రాయమని మీరు చాలాకాలంగా అడుగుతున్నారు. విలేకరి ముసలివాడైతే తను రాసిన గొప్ప వార్తల గురించి రాయడం ఆనవాయితీ. నేను రాసినవాటిలో ఇంతకాలం బతికింది ఈ ఒక్క వార్తే. అది బతికినందుకు నేను సిగ్గుపడుతున్నాను. ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు చదువుకుంటారని రాస్తున్నాను.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్త రోజులు. నేను నరసరావుపేటలో ఒక దినపత్రికకు విలేకరిని. వార్త రాసి, కవరులో పెట్టి, రైలు గార్డు చేతికి ఇస్తే అది గుంటూరు మీదుగా బెజవాడ చేరేది. గార్డుకు కోపం వస్తే నరసరావుపేటలో ఏమీ జరగనట్టే. అందుకని గార్డులతో మర్యాదగా ఉండేవాళ్ళం.

చనిపోయినాయన మా వైపు రైతులకు నాయకుడు. పలనాడుకు కృష్ణ నీళ్ళు రావాలని ఊరూరా తిరిగేవాడు. మనిషి లావు, మాట చురుకు. అప్పటికి ఎన్నికలు దగ్గరపడ్డాయి, ఆయన నిలబడతాడని అందరికీ తెలుసు. నిలబడితే గెలుస్తాడని ఆయన శత్రువులకు ఇంకా బాగా తెలుసు. ఒకరోజు సాయంత్రం మాచర్ల రైలు దిగి, ఒక పల్లెలో సభకని బాడుగ బండిలో బయలుదేరాడు. వెంట ఒక స్కూలు మాస్టరు ఉన్నాడు. పొద్దు వాలే వేళకు వాగు దగ్గర బండి ఆగింది. కంపలోంచి నలుగురు వచ్చి ఆయన్ను బండిలోనే నరికారు. మాస్టరుకు చెయ్యి తెగింది.

మర్నాడు ఆసుపత్రిలో మాస్టరును కలిశాను. ఆయన గుంటూరులో పుట్టి పెరిగినవాడు, పశువుల సంగతి తెలియదు. తనకు తెలిసినంతవరకు నిజమే చెప్పాడు.

"నేను కునుకులో ఉన్నానండీ. బండి ఉన్నట్టుండి ఆగింది. ఎక్కడో ఈల వినిపించింది. అంతే, మీద పడ్డారు."

"ఈల ఎవరు వేశారు?"

"అదే నాకు తెలియట్లేదండీ."

అక్కణ్ణుంచి పోలీసు స్టేషనుకు వెళ్ళాను. బండి తోలినాయన వరండాలో స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. నలభై దాటి ఉంటాయి. ఒక క్రైస్తవ పేటలో ఉండేవాడు. సొంత బండి, సొంత ఎడ్లు. మిరపకాయ బస్తాలు, నాపరాళ్ళు తోలి బతికేవాడు. చొక్కా నిండా ఎండిన నెత్తురుంది, అది ఆయనది కాదు. నన్ను చూడగానే అడిగింది ఒక్కటే.

"బాబూ, ఎడ్లు రాత్రి నుంచి కట్టుగొయ్యకే ఉన్నయ్యి. ఎవురి చేతైనా కాస్త మేతేయించండి."

చొప్పకట్ట ఒకటి తెప్పించి వేయించాను. ఈ కథలో నేను చేసిన మంచిపని అదొక్కటే కాబట్టి చెప్పుకుంటున్నాను. ఎడ్లు మేస్తుండగా అడిగాను.

"బండి ఎందుకాపావయ్యా అక్కడ?"

"ఎలపటెద్దు ఉచ్చ పొయ్యటానికి నిలబడింది బాబూ. అది పోసేటప్పుడు తోలగూడదుగదా. పాపం. అందుకని ఆపా."

"ఈల వినిపించిందట?"

"నేనే ఏశా. ఈలేత్తే గదా సులువుగా పోసేది. ఎప్పుడూ ఏస్తా. అందరం ఏస్తాం."

ఎలపటెద్దంటే కుడిపక్క కట్టేది. ఆయన చెప్పింది నిజమే. మా వైపు బండి తోలేవాళ్ళందరూ అంతే. ఎద్దు నిలబడితే బండి ఆపుతారు. పెదాలు సున్నాలా చుట్టి, సన్నగా, ఓపికగా ఈల వేస్తారు. నేను కూడా పల్లెటూళ్ళో పెరిగినవాణ్ణే. ఆ ముక్క వినగానే జరిగిందేమిటో నాకు పూర్తిగా అర్థమైంది. ఆ నలుగురు వాగు అవతల గట్టున కంపలో కాచుకుని ఉన్నారని, బండి ఇవతలే ఆగితే పరిగెత్తుకుంటూ వచ్చారని తర్వాత పోలీసులే చెప్పారు. ఈలకూ వాళ్ళకూ సంబంధం లేదు.

గదికి వచ్చి వార్త రాయడానికి కూర్చున్నాను. జిల్లా అంతా ఏడుస్తున్న మనిషి మరణవార్త. ఎంతో గంభీరంగా మొదలుపెట్టాను. వాగు, అస్తమించే సూర్యుడు, అన్నీ వచ్చాయి. బండి ఆగిన చోటుకు వచ్చేసరికి కలం ఆగింది. అంతటి మనిషి చావులోకి ఎద్దు ఉచ్చను ఎలా తీసుకురావడం? "మూత్ర విసర్జన" అని రాసి చూశాను, ఇంకా అసహ్యంగా ఉంది. కొట్టేశాను. చివరికి ఇలా రాశాను: "వాగు సమీపమున బండి ఆగినది. అంతలో ఒక ఈల వినవచ్చినది. మరుక్షణమున దుండగులు పైబడిరి."

అందులో అబద్ధం ఒక్కటి కూడా లేదు. ఆ మాట నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో లెక్కలేదు.

వార్త మొదటి పేజీలో వచ్చింది. బెజవాడ ఆఫీసు నుంచి మెచ్చుకుంటూ కబురు వచ్చింది. కోర్టులో కేసు నడిచి, సాక్ష్యం చాలక నలుగురూ విడుదలయ్యారు. వాళ్ళు మళ్ళీ ఊళ్ళోనే తిరుగుతున్నారు, వాళ్ళ వెనక ఉన్నవాళ్ళు ఇంకా పెద్దవాళ్ళు. వాళ్ళ పేర్లు గొంతెత్తి పలికే ధైర్యం ఎవరికీ లేదు.

అప్పుడొచ్చారు బుర్రకథ వాళ్ళు. మీకు ఇప్పుడు టీవీ ఎలాగో మాకు అప్పుడు బుర్రకథ అలాగు. ఎక్కడ ఎవరు చచ్చినా, ఎవరిని ఎవరు చంపినా, కొద్ది నెలల్లో తంబురా మీదికి ఎక్కేది. మధ్యలో కథకుడు, ఇటూ అటూ గుమ్మెటలు పట్టుకుని ఇద్దరు వంతలు. ఒక వంత రాజకీయం మాట్లాడతాడు, రెండోవాడు హాస్యం చెబుతాడు. ఎంత ఏడుపు కథ అయినా హాస్యం వంతకు అతని వాటా ఉండాల్సిందే. కథకుడి నోటి నుంచి ఏ మాట వచ్చినా దాన్ని పట్టుకుని ఒక విసురు విసరడం అతని పని. ఊరుకున్నాడంటే పని ఎగ్గొట్టినట్టే.

కథకుడు నా వార్త కత్తిరించిన కాగితం పట్టుకుని వచ్చాడు. ఆరడుగుల మనిషి, గొంతు గుడిగంటలా ఉండేది.

"అన్నగారూ, కల్పన వద్దు మాకు. పేపర్లో పడ్డది పడ్డట్టే చెప్తాం. మీ వాక్యానికి రాగం కడితే చాలు, జనం ఏడుస్తరు."

నేను పొంగిపోయాను. కాఫీ ఇప్పించాను.

మొదటి కథ నరసరావుపేటలోనే. నేను ముందువరుసలో కూర్చున్నాను. నా వాక్యాలు పాటలో వస్తుంటే పెదాలు కదుపుతున్నాను. కథకుడు "వాగు సమీపమున బండి ఆగినాదీ" అని తీసి ఆపాడు. రాజకీయం వంత అడిగాడు: "ఎందుకాగింది తమ్ముడా?" హాస్యం వంత బక్కమనిషి, పగలు మిషను కుట్టేవాడు. అతను జనం వైపు ఒక కన్ను గీటి, నోట్లో రెండు వేళ్ళు పెట్టి పొడుగ్గా ఈల వేశాడు.

ఒక్కసారిగా జనంలోంచి "అమ్మ నా కొడకా!" అని లేచింది. ఆడవాళ్ళు మెటికలు విరిచారు. అప్పటిదాకా ఎవరినీ తిట్టలేక గొంతులో పెట్టుకున్న కోపమంతా ఆ బండాయన మీద పడింది. చంపినవాళ్ళ వెనక మనుషులున్నారు, డబ్బుంది, బండాయన వెనక రెండు ఎడ్లున్నాయి. తిట్టడానికి అంతకన్నా సులువైన మనిషి దొరకడు.

నేను ఆ రాత్రే కథకుణ్ణి పట్టుకుని అది తప్పని చెప్పాల్సింది. చెప్పలేదు. జనం నా చుట్టూ చేరి "మీ వార్తేనంటగదా" అంటున్నారు. అవునని తల ఊపుతున్నాను.

కథ ఊరూరా తిరిగింది. నకరికల్లు, కారంపూడి, గురజాల, మాచర్ల. బండాయన ఏ బజారులోకి వెళ్ళినా వెనక నుంచి ఎవరో ఒకరు ఈల వేయడం మొదలైంది. తర్వాత బాడుగలు తగ్గాయి. బస్తాలు ఎత్తబోతుంటే షావుకారు వద్దని దించేవాడు. ప్రార్థనకు వెళితే పక్కన కూర్చున్నవాళ్ళు జరిగి కూర్చునేవాళ్ళట. ఇవన్నీ ఆయనే నా గదికి వచ్చి చెప్పాడు. లోపలికి రమ్మంటే రాలేదు, గుమ్మం బయటే నిలబడ్డాడు.

"బాబూ, ఎద్దు సంగతి తమరికి చెప్పాగదా. చెప్పలేదా?"

"చెప్పావు."

"మరి పేపర్లో ఎయ్యలేదంటగా. మా పాస్టరుగారు చదివి చూశారు. ఎద్దు లేదన్నారు అందులో."

"అలాంటివి పేపర్లో రాయకూడదయ్యా."

"మడిసిని నరికింది రాయొచ్చా బాబూ?" అన్నాడు. వెటకారం లేదు. తెలుసుకోవాలనే అడిగాడు.

"ఒక్క ముక్క రాయండి. ఎలపటెద్దు ఉచ్చకి నిలబడిందని. అంతే చాలు. మా వోళ్ళందరూ ఎడ్లు తోలేవోళ్ళే, ఆళ్ళకి తెలుసుద్ది. ఈ ఊళ్ళల్లో బండి తోలుకుని బతకాలిగదా నేను."

బెజవాడ వెళ్ళి డెస్కులో న్యూస్ ఎడిటరుకు చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ నవ్వాడు.

"ఏమయ్యా, హత్య జరిగిన ఇన్నాళ్ళకు సవరణ వేద్దామా? ఏమని? 'మా వార్తలో ఎద్దు మూత్రం తప్పిపోయినందుకు చింతిస్తున్నాము' అనా? బుర్రకథ వాళ్ళు చేసినదానికి మనకేంటి? వాళ్ళతో చెప్పుకోమను."

అక్కడున్న అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను.

కథకుడి దగ్గరికి వెళ్ళాను. అతను నవ్వలేదు, తల పట్టుకున్నాడు. "అన్నగారూ, ఆ ఈల దగ్గరే గదా జనం లేచేది. అది తీసేస్తే కథ చప్పబడుద్ది." కాసేపు అటూ ఇటూ తిరిగి, "సరే, ఒక పని చేద్దాం. పెద్దాయన వర్ధంతికి కారంపూడిలో చెప్తన్నాం. కథ మధ్యలో మీరే పైకొచ్చి అసలు సంగతి చెప్పండి. రాసినోళ్ళు చెప్తే జనం నమ్ముతరు," అన్నాడు.

బండాయనను రమ్మన్నాను. భయపడ్డాడు. "నన్నక్కడ చంపుతారేమో బాబూ," అన్నాడు. నేనున్నానుగా అన్నాను. ఈ మాట అన్నది ఇంకెవరో అయినట్టు అనిపిస్తుంది ఇప్పుడు.

కారంపూడిలో జనం బాగా వచ్చారు. దీపాల వేళకు పెట్రోమాక్సులు వెలిగించారు. ముందువరుసలో పెద్దలు, వాళ్ళ పక్కన చనిపోయినాయన భార్య. ఆమె తెల్లచీర కొంగు భుజాల మీదుగా కప్పుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కథ మొదలయ్యాక కూడా అలాగే కూర్చుంది. బండాయన వేదిక మెట్ల దగ్గర చీకట్లో నిలబడ్డాడు. తువ్వాలు తల మీద నుంచి కప్పుకున్నాడు.

బండి ఆగిన చోట కథకుడు ఆపి నన్ను పిలిచాడు. ఎక్కాను. ఎదురుగా ఆమె కనబడింది. అంతే, నా నోట్లో ఉన్న మాట మారిపోయింది.

"సోదరులారా, ఆ రోజున బండి ఆగడానికి కారణం వేరు. పశువు ప్రకృతి ధర్మాన్ని నెరవేర్చుకునే నిమిత్తం ఆగినందువల్ల..."

జనం మొహాలు చూసుకున్నారు. "ఏందంట?" అని ఎవరో అరిచారు. నేను మళ్ళీ మొదలుపెట్టేలోగా హాస్యం వంతకు అవకాశం దొరికింది. అతని పని అతను చేశాడు.

"ఎద్దు ఉచ్చ పోసిందంట మామా! అయ్యగారికి నోరు తిరగటంలా!"

గుమ్మెట మీద ఒక దెబ్బ. జనం పగలబడి నవ్వారు. ఒక రైతు లేచి "ఓరి దీన్దెబ్బ, ఈల అందుకా!" అన్నాడు. ఇంకొకడు పెదాలు చుట్టి, బండివాళ్ళ పద్ధతిలో సన్నగా ఈల వేశాడు. ఇంకా నవ్వారు. వాళ్ళకు అర్థమైంది. నమ్మారు కూడా. కానీ ఆ మనిషి వర్ధంతి రోజున, ఆయన భార్య ఎదురుగా, వందలమంది నవ్వుతున్నారు. నేను వేదిక మీద నిలబడి చెమటలు కక్కుతున్నాను.

బండాయన మెట్లెక్కి వచ్చాడు. తువ్వాలు తీసేశాడు.

"నవ్వండయ్యా," అన్నాడు. "పెద్దాయన గూడా నవ్వాడు."

నవ్వులు తగ్గాయి.

"నేను ఈలేత్తంటే ఎనక నుంచి అన్నాడు, 'నీళ్ళు నీళ్ళని నేను మదరాసు దాకా అర్జీలు పెట్టానే, నీ ఎద్దు ఈడనే కాలవ పారిస్తందిగదరా!' అని. అని నవ్వాడు. నేనూ నవ్వా. అది అయ్యేదాకా ఆగుదాంలే, తొందరేంది అన్నాడు. అప్పుడొచ్చారు ఆళ్ళు."

ఆమె లేచింది. వేదిక దగ్గరికి వచ్చి తలెత్తి ఆయన్ను చూసింది.

"ఏమన్నాడు? మళ్ళా చెప్పు," అంది.

ఆయన వంగి, ఆమెకు మాత్రమే వినబడేలా మళ్ళీ చెప్పాడు. ఆమె పెదవి ఒక పక్కకు కదిలింది. "ఆ మాట ఆయనదే," అంది. "ఆయనే అట్టా అంటాడు." తర్వాత నా వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఈ ముక్క తెలుసుకోవడానికి ఇన్నాళ్ళు ఎందుకు పట్టిందో అడుగుతున్నట్టుంది. స్టేషను వరండాలో నేను ఇంకొక్క ప్రశ్న అడిగి ఉంటే ఆ మాట నాకు ఆ రోజే దొరికేది. పెద్దాయన ఏమన్నాడని అడగలేదు. సూర్యాస్తమయం గురించి ఆలోచిస్తున్నాను.

కిందికి దిగాక బండాయన నా దగ్గరికి వచ్చాడు. అంతకుముందు ఎప్పుడూ అలా నవ్వగా చూడలేదు.

"రేపు పేపర్లో పడుద్దా బాబూ? ఈడున్నోళ్ళు ఇన్నారు, బానే ఉంది. మాచర్లోళ్ళు, గురజాలోళ్ళు ఇనలేదుగా."

"పడుతుంది," అన్నాను.

మర్నాడు రాయడానికి కూర్చున్నాను. ఈసారి రాశాను కూడా. ఎద్దు, ఈల, పెద్దాయన నవ్వు, అన్నీ. రాసి చదువుకుంటే ఒక సంగతి తట్టింది. ఇది అచ్చయితే చదివేవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న: ఆ రోజే తెలిసినవాడు ఆ రోజే ఎందుకు రాయలేదు? బెజవాడలో న్యూస్ ఎడిటరు కూడా అదే అడుగుతాడు. ఆ సంవత్సరమే నన్ను గుంటూరుకు పెద్ద పదవిలో వేస్తారన్న మాట ఉంది. ఆ కాగితం పక్కన పెట్టి ఇంకోటి తీసుకున్నాను. వర్ధంతి ఘనంగా జరిగినదని, ఫలానా పెద్దలు ప్రసంగించినారని, బుర్రకథ ప్రజలను విశేషముగా ఆకట్టుకొన్నదని రాశాను. కవరు గార్డుకు ఇచ్చాను. మొదటిసారి రాయనిది తెలివితక్కువతనం అనుకోవచ్చు. రెండోసారి దానికి నేను వేరే పేరు వెతకలేదు.

ఆ కథకుడు మాట నిలబెట్టుకుని తన కథలోంచి ఈల తీసేశాడు. కానీ అప్పటికే ఇంకో రెండు మూడు దళాలు ఆ కథ ఎత్తుకున్నాయి. వాళ్ళు కారంపూడి రాలేదు. వాళ్ళు చదివింది నా వార్తే.

కొంతకాలానికి నేను గుంటూరు వెళ్ళిపోయాను. మళ్ళీ ఒకసారి ఏదో సభకని కారంపూడి వెళ్ళినప్పుడు బస్సుల దగ్గర టీ తాగుతూ, ఆ బండాయన ఎలా ఉన్నాడని కొట్టాయనను అడిగాను.

"ఆయన యాడున్నాడండీ ఇక్కడ? ఎడ్లమ్ముకుని కృష్ణ మీద కట్టే డ్యాము పనికి పోయాడు, పెళ్ళాంబిడ్డల్ని తీసుకుని. రాళ్ళు మోత్తన్నాడంట."

"ఎందుకు వెళ్ళాడు? ఇక్కడ అందరూ నమ్మారుగా?"

"ఈ ఊళ్ళో నమ్మారండీ. ఒక్క ఊళ్ళో బండి తోలితే బతుకుద్దా? అవతల ఊళ్ళల్లో ఈలలు ఆగలేదుగా." గ్లాసు కడుగుతూ మళ్ళీ అన్నాడు, "ఆ వర్ధంతి అయినాక చానాళ్ళు పొద్దున్నే వచ్చేవోడండీ. బస్సులో పేపరు రాంగానే ఎవురో ఒకర్ని కూకోబెట్టి చదివించుకునేవోడు. ఆయనకి చదువు రాదుగా. వార్తలు అయిపోతే ఇంకా చదవమనేవోడు. ధరలు చదివించుకునేవోడు, సినిమా బొమ్మల కిందివి గూడా చదివించుకునేవోడు. ఏదన్నా మూల ఇరుక్కుందేమో సరిగ్గా చూడండయ్యా అని బతిమాలేవోడు. ఏం పడాలో మాత్రం చెప్పేవోడు కాదు."

కొట్టాయనకు నేనెవరో తెలియదు. గ్లాసు బోర్లించి నా వైపు చూశాడు.

"పేపర్లో ఆయనదేం పడుద్దండీ?"

నేను టీ డబ్బులు ఇచ్చి బస్సెక్కాను.